నలభై మూడో పేరు

కొనదలచుకున్న కారు వైపు చూడకూడదు. పాత కార్ల బేరంలో పద్దెనిమిదేళ్ళు నలిగి మనవాడు నేర్చుకున్న విద్య మొత్తం ఇంతే. దాని పక్కనున్న కారు చుట్టూ తిరగాలి, దాని టైరును కాలితో తన్నాలి, దాని తలుపు నాలుగుసార్లు తీసి వెయ్యాలి, దాని ఇంజను గురించి అమ్మేవాడి బుర్ర తినాలి. చివర్లో, వెళ్ళిపోతూ వెళ్ళిపోతూ, "అదేంటి, అదీ అమ్మకానికేనా?" అని అసలు కారు వైపు గడ్డం ఎత్తాలి. అప్పుడది చవగ్గా చేతికొస్తుంది. ఈ విద్యతో మనవాడు చాలా కార్లు సంపాదించాడు. భార్యను మాత్రం కొద్దిలో పోగొట్టుకునేవాడు.

ఆవిడ తండ్రికి గడియారాలు బాగుచేసే కొట్టుండేది. మనవాడు ఏడాది పాటు వారం వారం ఆ కొట్టుకు వెళ్ళాడు. కౌంటరు వెనక కూర్చున్న అమ్మాయి వైపు కన్నెత్తి చూడకుండా, గోడకున్న పెద్ద గడియారం గురించి ఆమె తండ్రితో గంటలకొద్దీ మాట్లాడాడు. ఆమెకు ఇంకెవరితోనో పెళ్ళి ఖాయమవుతోందని తెలిసిన రోజున పరుగెత్తుకు వెళ్ళి, గుమ్మంలోనే రొప్పుతూ అసలు సంగతి కక్కేశాడు. "మీరు గడియారం కొనడానికి వస్తున్నారనుకున్నాను," అంది ఆమె. ఆ రోజుకు గండం గడిచింది గానీ మనవాడి రోగం మాత్రం కుదరలేదు.

యుద్ధం మొదలైన రెండో ఏట మనవాడి బావమరిది శత్రువులకు పట్టుబడ్డాడు. పట్టుబడ్డాడనడం కూడా మర్యాదకే. సిటీ బస్సు నడుపుకునేవాడిని సైన్యంలోకి తీసుకుని సరుకుల లారీ ఇచ్చారు. వాడు పొగమంచులో దారి తప్పి, ఎదురుగా కనిపించిన చెక్‌పోస్టు దగ్గర లారీ ఆపి, అద్దం దించి, దారి అడిగాడు. అది శత్రువుల చెక్‌పోస్టు. వాళ్ళు ఎంతో మర్యాదగా లోపలికి దారి చూపించారట. అడగడానికి వాడికి ఏనాడూ మొహమాటం లేదు. బావా చొక్కా ఇవ్వు, బావా ఆకలేస్తోంది, బావా మా అక్క మీద అరవకు, ఏదైనా మొహం మీదే. వాడికి పన్నెండేళ్ళున్నప్పటి నుంచీ మనవాడు ఎరుగును. స్టీరింగు పట్టుకోవడం నేర్పింది తనే. దారి తప్పితే సిగ్గుపడకుండా ఆగి అడగమని నేర్పింది కూడా, ఖర్మ కొద్దీ, తనే.

ప్రాణాలతో ఉన్నాడని సహాయ సంఘం వాళ్ళు పంపిన కార్డు అందిన రోజు మనవాడి భార్య ఏడవలేదు. తమ్ముడి చొక్కాలన్నీ తీసి, ఉతికి, ఇస్త్రీ చేసి, మళ్ళీ బీరువాలో పెట్టింది. వారం తిరిగేసరికి అవే చొక్కాలు తీసి మళ్ళీ ఉతికింది. భర్త పోయినప్పటి నుంచీ వాళ్ళతోనే ఉంటున్న అత్తగారు మాత్రం రోజుకోసారి అడిగేది, "ఏమన్నా తెలిసిందా బాబూ?" అని.

సరిగ్గా అప్పుడే కల్నల్‌గారి నుంచి కబురొచ్చింది. మనవాడు ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని వెళ్ళాడు. ఎందుకంటే యుద్ధానికి ముందు కల్నల్‌గారు మనవాడి చేతి మీదుగా ఒక కారు కొన్నారు. ఆ కారు మూడు వారాలు బుద్ధిగా నడిచి, నాలుగో వారం సంత మధ్యలో కూలబడింది. అరెస్టు చేయించడానికే పిలిపించారనుకున్నాడు. తీరా చూస్తే కల్నల్‌గారిప్పుడు యుద్ధఖైదీల మార్పిడి ఆఫీసుకు అధికారి. అంతవరకూ శత్రువులతో మాట్లాడటానికి పంపిన ఇద్దరు లెఫ్టినెంట్లూ అటెన్షన్‌లో నిలబడి కోరికలు చదివి, అటెన్షన్‌లోనే తిరిగొచ్చారట. ఆరు నెలల్లో ఒక్క ఖైదీ కూడా ఇల్లు చేరలేదు.

"నాకే ఆ కారు అంటగట్టినవాడివి, శత్రువుకి ఏదైనా అంటగట్టగలవయ్యా," అన్నారు కల్నల్‌గారు. మనవాడి జీవితంలో అంత నిజాయితీ గల మెప్పు మళ్ళీ దొరకలేదు.

ఉద్యోగంలో చేరడానికి ఒక ఫారం నింపాలి. అందులో ఆరో ప్రశ్న, 'మీ బంధువులెవరైనా శత్రువుల దగ్గర ఖైదులో ఉన్నారా?' అని. ఉంటే చర్చల బల్ల దగ్గర కూర్చోనివ్వరు. సొంతవాళ్ళ కోసం ఆత్రపడి బేరం చెడగొడతారని రూలు. మనవాడు 'లేరు' అని రాశాడు. బావమరిది ఇంటిపేరు వేరు, ఎవరికి తెలుస్తుంది? 'ఈ కారుకు యాక్సిడెంటు అయిందా?' అన్న ప్రశ్న కింద అలాంటి జవాబులు ఎన్ని రాశాడో లెక్కలేదు.

ఆ సాయంత్రం ఇంటికొచ్చి భార్యతోనూ అత్తగారితోనూ అన్నాడు. "ఇంక మీరు నిశ్చింతగా ఉండండి. వాణ్ణి నేను తెస్తాను. వాళ్ళకి తెలియకుండానే తెస్తాను."

"తెలియకుండా ఎలా తెస్తారు? వాళ్ళేగా ఇవ్వాల్సింది?" అంది భార్య.

మనవాడు నవ్వి ఊరుకున్నాడు. ఆడవాళ్ళకు బేరం సంగతులేం తెలుసన్న నవ్వు అది. తరవాతి రోజుల్లో ఆ నవ్వు గుర్తొచ్చినప్పుడల్లా మనవాడికి తన చెంప తనే వాయించుకోవాలనిపించేది.

మర్నాడు లిస్టు తయారు చేశాడు. మనవైపు నుంచి అడగదలచిన ఖైదీలు నలభై ముగ్గురు. అందరికంటే పైన సైనిక బ్యాండులో బాకా ఊదేవాణ్ణి పెట్టాడు. అతనంటే ప్రత్యేకంగా ఎవరికీ పట్టింపు లేదు, పక్కకారుగా పనికొస్తాడు. బావమరిదిని అట్టడుగున, నలభై మూడో పేరుగా పెట్టాడు. వాడొక్కడే అడుగున పడి ఉంటే అనుమానం వస్తుందని, తోడుగా మధ్యలోంచి ఇద్దరు సిపాయిల పేర్లు తీసి నలభై ఒకటి, నలభై రెండు స్థానాలకు దించాడు. ఆ ఇద్దరూ ఎవరో మనవాడికి తెలియదు. పేర్లు పొట్టిగా ఉన్నాయని తీశాడు, అంతే.

రెండు సైన్యాలకూ మధ్య రోడ్డు మీద ఒకప్పటి లారీల కాటా ఆఫీసు ఒకటుంది. చర్చలు అందులోనే. ఒక గది, ఒక బల్ల, ఆరు కుర్చీలు, గోడకు లారీల బరువు చూపే పెద్ద డయలు. బయట చుట్టూ గోతులు కాబట్టి రెండు పక్షాల కార్లూ కాటా ఇనపరేకు మీదే నిలపాలి. అందువల్ల చర్చలు నడిచినంతసేపూ గోడమీది ముల్లు రెండు కార్ల బరువు చూపిస్తూనే ఉండేది. డ్రైవరు దిగితే కొంచెం తగ్గేది, ఎక్కితే పెరిగేది. లోపల ఎంత మాట్లాడినా దానికి చలనం ఉండేది కాదు.

బల్లకు అవతల కూర్చున్నావిడ యుద్ధానికి ముందు ఆడపిల్లల బడిలో హెడ్‌మిస్ట్రెస్. మెడలో గొలుసుకు వేలాడే కళ్ళజోడు, చేతిలో ఎర్ర పెన్సిలు. ఇవతల మనవాడి పక్కన, మాట్లాడిందంతా రాసుకోవడానికి మన ఆఫీసు టైపిస్టు. యాభై దాటిన మనిషి, పాతికేళ్ళు కోర్టులో పనిచేసింది. అవసరమైతే తప్ప నోరు విప్పదు. అవసరమైనట్టు మనవాడు ఒక్కసారీ చూడలేదు.

హెడ్‌మిస్ట్రెస్ లిస్టు పైనుంచి కిందికి చదివి, "ఈ వరస దేన్నిబట్టి వేశారండీ? హోదాని బట్టి కాదు, అక్షరాల వరస కూడా కాదు," అంది.

ఏదో ఒకటి చెప్పి ఊరుకోవచ్చు. కానీ మనవాడిలోని కళాకారుడు నిద్రలేచాడు. "మా అవసరాన్ని బట్టండీ. పైన ఉన్నవాళ్ళు మాకు ప్రాణం. కిందికి పోయేకొద్దీ... అంటే, ఉన్నారు కాబట్టి రాశాం," అన్నాడు.

ఆవిడ లిస్టు పైన ఎర్ర పెన్సిలుతో ఆ ముక్క రాసుకుంది. తన తెలివికి తనే మురిసిపోయి మనవాడు బల్ల కింద కాలు ఊపుకున్నాడు.

ఆ తరవాత ఐదు సమావేశాలు బాకావాడి కోసమే జరిగాయి. వాడు లేకపోతే సైన్యం కాలు కదపలేకపోతోందన్నట్టు మాట్లాడాడు మనవాడు. ఒకరోజు కళ్ళలో నీళ్ళు కూడా తెచ్చుకున్నాడు. హెడ్‌మిస్ట్రెస్ పాపం నమ్మింది. అంతటివాడైతే ఊరికే ఎలా ఇస్తామని, అతనొక్కడికి బదులుగా తమ సిపాయిలు ముగ్గుర్ని అడిగింది. కల్నల్‌గారు తల పట్టుకుని, "ఎవడయ్యా ఈ బాకావాడు?" అన్నారు. "చూస్తూ ఉండండి సార్," అన్నాడు మనవాడు. చూడటానికేముంది, బాకావాడు మాత్రం ఖాయమయ్యాడు.

ఇంట్లో అత్తగారు రోజూ అడుగుతూనే ఉంది.

"ఈరోజైనా మావాడి పేరొచ్చిందా బాబూ?"

"రానివ్వకూడదండీ. అదే కిటుకు."

"పేరే ఎత్తకపోతే ఎలా వస్తాడు బాబూ?"

"ఎత్తితే రేటు పెరుగుతుందండీ. మనకి వాడు కావాలని తెలిస్తే పట్టుకు కూర్చుంటారు. మొత్తం బేరం అయ్యాక, పోనీ ఆ చివరి వాళ్ళని కూడా పడెయ్యండి అంటాను. పడేస్తారు."

అత్తగారు కూతురి వైపు చూసేది. కూతురు ఇస్త్రీపెట్టె వైపు చూసేది. ఇద్దరూ తన మీద ఎంత నమ్మకంతో నోరు మూసుకున్నారోనని మనవాడు అనుకునేవాడు. వాళ్ళు భయపడి నోరు మూసుకున్నారని ఆ తలకు తట్టలేదు.

తొమ్మిదో సమావేశంలో కొంప మునిగింది. సహాయ సంఘం వాళ్ళు అటొకటి ఇటొకటి బస్సు ఇస్తారు. ఒక్కో బస్సుకు నలభై సీట్లు. ఒకే రోజు, ఒకే దఫా. అంతకు మించి రోడ్డు తెరవడానికి రెండు సైన్యాలూ ఒప్పుకోలేదు.

"కాబట్టి నలభై, నలభై," అంది హెడ్‌మిస్ట్రెస్. "మీకు ఇబ్బంది ఉండదండీ. మీరే అవసరాన్ని బట్టి వరస వేశారు కదా. మీ మాట గౌరవించి చివరి మూడు పేర్లు తీసేశాను. మా లిస్టులో కూడా మూడు తగ్గించుకున్నాం." ఎర్ర పెన్సిలుతో నలభై కింద అడ్డంగా గీత గీసింది. స్కేలు పెట్టి మరీ గీసింది.

మనవాడి గుండె జారి ఎక్కడ పడిందో తెలియలేదు. పైకి మాత్రం, పద్దెనిమిదేళ్ళ అలవాటు కదా, మొహంలో ఒక్క గీత కూడా కదల్లేదు. కదిలి ఉంటే బాగుండేది.

ఇలాంటప్పుడు చివరి అస్త్రం ఒకటుంది. అక్కర్లేదని లేచి వెళ్ళిపోవడం. అమ్మేవాడు వెనకనుంచి పిలుస్తాడు. పిలవకుండా ఎవడూ ఉండడు. మనవాడు లేచాడు. "సరే, పోనివ్వండి. వాళ్ళదేముంది," అన్నాడు. తలుపు ఆరు అడుగుల దూరంలో ఉంది. ఆ ఆరు అడుగులూ మనవాడు నడిచిన నడక చూస్తే కాలికి దెబ్బ తగిలిందేమో అనుకునేవాళ్ళు. ఒక అడుగు వేసి చొక్కా సర్దుకున్నాడు. ఇంకో అడుగు వేసి దగ్గాడు. ఇంకో అడుగు వేసి ముల్లు వైపు చూశాడు. గడియ మీద చెయ్యి వేశాడు.

"ఆగండి," అంది హెడ్‌మిస్ట్రెస్.

ప్రాణం లేచొచ్చింది. విసుగు మొహం పెట్టుకుని, నెమ్మదిగా వెనక్కి తిరిగాడు.

"మీ గొడుగు," అందావిడ.

కారులో వస్తున్నంతసేపూ గొడుగు టైపిస్టు ఆవిడే పట్టుకుంది.

ఆ సాయంత్రం ఇంట్లో అబద్ధం చెప్పడానికి మనవాడు చాలా ప్రయత్నం చేశాడు. చర్చలు సాగుతున్నాయన్నాడు, ఇంకా టైముందన్నాడు, టీ చల్లారిందన్నాడు. భార్య ఇస్త్రీపెట్టె నిలబెట్టి, ఎదురుగా వచ్చి నిలబడి, "వాడు వస్తున్నాడా, రావట్లేదా?" అంది.

"రావట్లేదు," అన్నాడు మనవాడు. ఆ మాట బయటికి వచ్చాక ఇంక మిగతాది ఆగలేదు. లిస్టు, వరస, బాకావాడు, స్కేలు, గీత, అన్నీ చెప్పేశాడు. గొడుగు సంగతి కూడా చెప్పాడు. ఎందుకు చెప్పాడో తనకే తెలియదు.

ఆవిడ తిట్టలేదు. తిట్టి ఉంటే బతికిపోయేవాడు. "నన్నూ ఇలాగే పోగొట్టుకునేవారు," అంది. "గుర్తుందా మీకు? ఆ రోజు పరుగెత్తుకొచ్చారు కాబట్టి సరిపోయింది. ఇప్పుడు పరుగెత్తడానికి కూడా మీకు నామోషీ వచ్చింది."

పక్కగదిలోంచి అత్తగారు వచ్చి గుమ్మంలో నిలబడింది. అంతా విన్నట్టే ఉంది. "బాబూ, రేపు నన్ను తీసుకెళ్ళు. నాకు బేరాలవీ రావు. ఆవిడెవరో ఆవిణ్ణి అడుగుతాను. నా కొడుకుని ఇయ్యమ్మా అని అడుగుతాను. అడగొచ్చు కదా?"

మనవాడు తల ఎత్తలేకపోయాడు. ఎనిమిది నెలలు. ఎనిమిది నెలల్లో తను ఆ బల్ల దగ్గర ఎన్ని వేల మాటలు మాట్లాడాడు! ఆవిడ ఇప్పుడన్న ఆ నాలుగు మాటలు మాత్రం ఒక్కసారీ అనలేదు.

మర్నాడు పొద్దున్నే కల్నల్‌గారి గదిలోకి వెళ్ళి, కూర్చోమనకుండానే కూర్చుని, చెప్పేశాడు. నలభై మూడో పేరు తన బావమరిదని.

కల్నల్‌గారు బీరువాలోంచి ఫారం తీయించి చూశారు. "లేరు అని రాశావు."

"రాశాను సార్."

"నా కారుకి యాక్సిడెంటు కాలేదని కూడా రాశావు."

"అదీ నేనే రాశాను సార్."

"దీనికి నిన్ను లోపల వెయ్యొచ్చు, తెలుసా?"

"తెలుసు సార్. వెయ్యండి. వాణ్ణి మాత్రం తెప్పించండి. వాడు కావాలి సార్ నాకు." ఈసారి కళ్ళలో నీళ్ళు తెచ్చుకోలేదు, అవే వచ్చాయి.

కల్నల్‌గారు ఫారం మూసి పక్కన పెట్టారు. "ఈ ముక్క చెప్పడానికి ఎనిమిది నెలలు పట్టిందా నీకు!" అన్నారు. తరవాత మనవాణ్ణి బల్ల దగ్గర్నుంచి తీసేస్తున్నట్టు కాగితం రాయించి, ఆ కాగితం టైపు చేస్తున్న ఆవిడనే అడిగారు. "సంతకాలు ఈ మధ్యాహ్నమే. అక్కడి సంగతులు తెలిసింది ఇంక మీ ఒక్కరికే. మీరు వెళ్ళి మాట్లాడగలరా?"

"మాట్లాడతానండీ," అంది టైపిస్టు.

"ఎలా మాట్లాడతారు?"

ఆ ప్రశ్న ఆవిడకు అర్థమైనట్టు లేదు. "వెళ్ళి అడుగుతానండీ," అంది.

మనవాడు కాళ్ళావేళ్ళా పడితే కారులో కూర్చోవడానికి మాత్రం ఒప్పుకున్నారు. కాబట్టి కాటా ఇనపరేకు మీద, కారు వెనక సీట్లో కూర్చున్నాడు. లోపల గోడమీది ముల్లులో తన బరువు కూడా కలిసి ఉంటుంది. ఈ చర్చల్లో ఇంక తన పాత్ర అంతే. ఆవిడేం మాట్లాడుతుందోనని ఒకటే గాభరా. ముందు వాతావరణం గురించి మాట్లాడాలని చెప్పాడా? చెప్పలేదు. నీళ్ళు అడిగి టైము సంపాదించాలని చెప్పాడా? అదీ చెప్పలేదు. పది నిమిషాల్లో టైపిస్టు బయటికొచ్చి, కారెక్కి, కళ్ళజోడు తుడుచుకుంది. అంత తొందరగా వచ్చిందంటే అయిపోయిందన్నమాటేనని మనవాడికి ముచ్చెమటలు పట్టాయి.

"ముగ్గురూ వస్తున్నారు," అంది ఆవిడ.

మనవాడు నోరు తెరిచాడు. "ఏం చెప్పారు?"

"మాకు ఆ ముగ్గురు కూడా కావాలండీ అన్నాను."

"ఇంకా?"

"ఇళ్ళ దగ్గర వాళ్ళకోసం చూస్తున్నారండీ అన్నాను."

"ఇంకా?"

"ఇంకేముంటుంది? ఆవిడ పెన్సిలు పక్కన పెట్టేసింది. మావాళ్ళు ముగ్గురు కూడా ఉండిపోయారండీ, మీరు అంత గట్టి మనుషులు కదా, అడగడానికి జంకాను అంది. సరే అనుకున్నాం."

"మరి సీట్లు?"

"నిలబడతారు. బస్సులో నిలబడి ఎవరూ వెళ్ళరా ఏమిటి?"

మనవాడికి ఏడవాలో నవ్వాలో తెలియలేదు. రెండూ కొంచెం కొంచెం చేశాడు. తరవాత, అలవాటైన నోరు కదా, "మీరు ముగ్గుర్నీ అడిగారా? నలభై ఒకటి, నలభై రెండు కూడానా? ఒక్కణ్ణి అడిగితే ఇంకా తేలిగ్గా..." అన్నాడు.

ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని అతన్ని చూసింది. "వాళ్ళు మాత్రం ఎవరికీ బావమరుదులు కారా?" అంది.

ఆ మాటకు మనవాడు సీట్లోకి కుంగిపోయాడు. నిజానికి ఆ ఇద్దరి గురించి రాత్రి నుంచీ ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. వాళ్ళను అడుక్కి దించింది తను. పేర్లు పొట్టిగా ఉన్నాయని. ఇన్నాళ్ళూ తనను తాను తెలివితక్కువవాడినని తిట్టుకుంటూ ఉన్నాడు. తిట్టుకోవలసింది అదొక్కటే కాదని అప్పుడు తెలిసింది.

వారం తరవాత, ఎండ బాగా ఎక్కిన వేళ, రెండు బస్సులూ కాటా ఆఫీసు దగ్గరకొచ్చి ఆగాయి. ఇళ్ళవాళ్ళను ఊళ్ళో ఆస్పత్రి హాల్లో ఉంచారు. భార్యా అత్తగారూ అక్కడే ఉన్నారు. మనవాడు టైపిస్టు ఆవిడ ఫైళ్ళు మోసే ఉద్యోగం సంపాదించుకుని రోడ్డు పక్కన నిలబడ్డాడు. రోడ్డుకు అటు చివర హెడ్‌మిస్ట్రెస్ తన లిస్టు పట్టుకుని నిలబడి ఉంది.

అందరికంటే ముందు బాకావాడు దిగాడు. వెనక మిగతావాళ్ళు. నిలబడి వచ్చినవాళ్ళు ముగ్గురూ చివర దిగారు. బావమరిది బాగా చిక్కిపోయాడు. చొక్కా ఎవరిదో, భుజాల మీంచి జారిపోతోంది. మనవాణ్ణి చూసి, చేతిలోని చిన్న మూట కింద పెట్టి, "బావా," అన్నాడు. అంతే. ఇద్దరూ వాటేసుకున్నారు. ఎముకలు మనవాడి చేతికి తగిలాయి.

"అమ్మ?"

"బాగుంది. ఆస్పత్రిలో నీకోసం చూస్తోంది. అంటే, జబ్బు చేసి కాదు, అక్కడే ఉండమన్నారు. అక్క కూడా ఉంది."

బావమరిది మళ్ళీ మూట అందుకున్నాడు, ఇద్దరూ నడవడం మొదలుపెట్టారు. బావమరిది అలవాటు ప్రకారం ఏదీ దాచుకోకుండా చెప్పుకుపోతున్నాడు.

"మీ లిస్టు తెచ్చి మా భోజనాల గది గోడకి అంటించారు బావా. నలభై రెండు పేర్ల కింద నా పేరు. పైన, మీ అవసరాన్ని బట్టి వేసిన వరస అని ఎర్ర పెన్సిలుతో రాసుంది. అందరూ నన్ను చూసి అయ్యో పాపం అన్నారు. నాకు మాత్రం నవ్వొచ్చింది. మా బావ ఎవరో అక్కడ కూర్చున్నాడురా అనుకున్నాను. కావాల్సిన కారుని చివర అడుగుతావు కదా నువ్వు! ఇప్పుడు మన వెనక వస్తున్నారే, లిస్టులో నా పైనున్న ఆ ఇద్దరు, వాళ్ళకి కూడా చెప్పాను. చివర ఉన్నామంటే మనమే అందరికంటే ఎక్కువ కావాలన్నమాట, మా బావ సంగతి నాకు తెలుసు, నిద్రపోండి అని. వాళ్ళు నమ్మారు."

మనవాడు ఫైళ్ళు ఒక చంకలోంచి ఇంకో చంకలోకి మార్చుకున్నాడు.

"తరవాత గీత కొట్టిన లిస్టు తెచ్చి అంటించారు." బావమరిది ఆగాడు. "ఆ రోజు వాళ్ళిద్దరూ నా మొహం చూళ్ళేదు. నేనూ ఆ గోడ వైపు చూళ్ళేదు. అప్పుడనుకున్నాను, అక్కడ కూర్చుంది నువ్వు కాదని. నువ్వైతే నన్నలా వదిలెయ్యవు కదా బావా. ఎవడో పనికిమాలినవాడు."

ఎంత చక్కటి దారి తెరిచి ఇచ్చాడు! మనవాడు పద్దెనిమిదేళ్ళలో ఇంత తేలిగ్గా కుదిరే బేరం చూడలేదు. అవునురా, ఎవడో పనికిమాలినవాడు అంటే చాలు. నోటి దాకా వచ్చింది కూడా.

"నేనేరా," అన్నాడు. "కూర్చుంది నేనే. గీత గీస్తుంటే, పోనివ్వండి వాళ్ళదేముంది అన్నది కూడా నేనే. వాళ్ళు వెనక్కి పిలుస్తారనుకున్నాను. పిలవలేదు. నిన్ను తెచ్చింది నేను కాదు, ఆ టైపిస్టు ఆవిడ."

బావమరిది రోడ్డు మధ్యలో నిలబడిపోయాడు. ఇంతసేపు నవ్విన మొహం కాదది. వెనక వస్తున్న ఇద్దరు సిపాయిలు కూడా ఆగారు. వాళ్ళకు వినపడినట్టే ఉంది. మనవాడు వాళ్ళ వైపు కూడా తిరిగాడు. "మిమ్మల్ని కిందికి దించింది కూడా నేనే. ఎందుకంటే... వీడి కోసం. మీరెవరో నాకు తెలియదు."

ఇద్దరిలో పొడుగ్గా ఉన్నవాడు అతన్ని ఎగాదిగా చూసి, ఊళ్ళో ఆస్పత్రికి వెళ్ళే బస్సు వైపు నడిచాడు. రెండోవాడు కూడా వెళ్ళిపోయాడు. వాళ్ళు క్షమించలేదు. మనవాడు కూడా వాళ్ళను ఆపలేదు.

బావమరిది మాత్రం కదల్లేదు. "అక్కకి తెలుసా?" అన్నాడు.

"తెలుసు."

"అమ్మకి?"

"తెలుసు."

"నేను ఒక్కటే అడుగుతాను బావా, నిజం చెప్పు. నేను రాకపోతే ఏం చేసేవాడివి?"

నలుగురూ చూస్తున్నారని కూడా లేకుండా మనవాడు రోడ్డు మీద నిలబడి భోరున ఏడ్చాడు. "నాకు నువ్వు కావాలిరా," అన్నాడు. "మొదటి రోజు నుంచీ నువ్వొక్కడివే కావాలి. ఆ ముక్క అనడం చేతకాలేదు." గొంతు ఎంత పెద్దదైందంటే, రోడ్డుకు అటు చివరనున్న హెడ్‌మిస్ట్రెస్ కూడా తల తిప్పి చూసింది.

బావమరిది తన చేతిలోని మూటను మనవాడి చేతిలో పెట్టాడు. "సరే పద," అన్నాడు. "ఇంటికెళ్ళాక అక్క ముందు ఇంకోసారి అందువుగాని."